గుర్రానికి వైద్యం: ఖర్చు ఎక్కడ పెరుగుతుంది

గుర్రానికి జబ్బు చేస్తే అయ్యే ఖర్చులో డాక్టరు ఫీజు చిన్న భాగమే. అసలు డబ్బు మూడు దారుల్లో పోతుంది. ఒకటి, జంతువు బరువును బట్టి పట్టే మందు. రెండోది, గుర్రాల వైద్యం బాగా తెలిసిన డాక్టరూ ప్రయోగశాలా ఉన్న చోటికి దూరం. మూడోది ఆలస్యం. అది బిల్లులో ఎక్కడా కనిపించదు గానీ మిగతా రెండింటినీ పెంచేది అదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో గుర్రాన్ని సాకేవారికి ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

ఈ ప్రాంతంలో జట్కాలు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు గుర్రం కనిపించేది ఎక్కువగా పెళ్లి బరాత్‌లో. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తంలో గుర్రాలూ పోనీలూ కలిపి సుమారు 3.4 లక్షలు. 2012లో 6.25 లక్షలు ఉండేవి. అంటే ఏడేళ్లలో 45 శాతం తగ్గిపోయాయి. అదే లెక్కల్లో తెలంగాణ ఒక్క రాష్ట్రంలోనే గొర్రెలు 1.9 కోట్లు, దేశంలో మొదటి స్థానం. పశువైద్యం ఏ జంతువుల చుట్టూ పెరిగిందో చెప్పడానికి ఈ అంకెలు చాలు. మండల కేంద్రంలోని పశువుల దవాఖానకు రోజూ వచ్చేవి బర్రెలు, ఆవులు, గొర్రెలు, మేకలు. అక్కడి డాక్టరు చదువులో గుర్రం ఉంటుంది, రోజువారీ పనిలో మాత్రం అరుదు. ఇందులో డాక్టరు తప్పేమీ లేదు. చూడగా చూడగా చేతికి వచ్చే విద్య అది, చూసే అవకాశమే తక్కువ.

సర్కారు దవాఖానలో చూపించడానికి ఫీజు లేదు. అక్కడున్న మందులూ ఉచితమే, లేనివి బయట కొనాలి. 2017లో తెలంగాణలో 100 సంచార పశువైద్య వాహనాలతో 1962 నంబరు సేవ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నంబరుతో 2022లో వచ్చింది. అంతకు మించిన వైద్యం కావాలంటే ప్రయాణమే. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. 1946లో ఏర్పడిన రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నగరానికి అవతలి వైపున ఉంది. విజయవాడ జాతీయ రహదారి నగరంలో దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేట మీదుగా పోతుంది. అక్కడే రేస్‌కోర్సు. పందెపు గుర్రాలకు వైద్యులూ, సాయీసులూ, లాడాలు కొట్టేవాళ్లూ అందుబాటులో ఉండే లోకం అది. 135 కిలోమీటర్ల ఇవతల పెళ్లి గుర్రం ఉన్న లోకం వేరు. కోదాడ వాళ్లకు లెక్క ఇంకో రకం. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి, విజయవాడ అవతల గన్నవరంలో ఉన్న ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వారికి రాజేంద్రనగర్ కన్నా దగ్గర. మిర్యాలగూడ ఆ రహదారి మీద లేదు. అక్కడి వాళ్లు నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా వచ్చి హైదరాబాద్ రోడ్డెక్కాలి.

నిలబడలేని గుర్రాన్ని డీసీఎం వ్యానులో ఎక్కించడం, దారిలో పడిపోకుండా మనుషులను పెట్టుకోవడం, చేరాక అక్కడే రెండు మూడు రోజులు ఉండటం, ఆ రోజుల్లో ఒప్పుకున్న బరాత్‌లు పోగొట్టుకోవడం అన్నీ ఖర్చులే. అందుకే పెద్ద పరీక్ష కోసం పట్నం తీసుకుపోవాలా వద్దా అన్న నిర్ణయం చాలావరకు ఇంటి దగ్గర జరిగే మొదటి పరీక్ష మీద ఆధారపడుతుంది.

ఆ మొదటి పరీక్ష చౌక. ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఒంటి వేడి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్. గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఊపిరి 8 నుంచి 16. చిగుళ్లు లేత గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి వస్తుంది. కడుపుకు రెండు పక్కలా చెవి ఆనిస్తే పేగుల చప్పుడు వినిపించాలి. వీటికి కావలసింది ఒక థర్మామీటరు, ఒక గడియారం. యజమాని ఈ అంకెలను ఫోన్లో చెప్పగలిగితే డాక్టరు రాకముందే సగం విషయం అర్థమవుతుంది. గుండె వేగం 60 దాటిన గుర్రం గురించి రేపు చూద్దాం అనుకోవడం ప్రమాదం. 40 దగ్గర ఉండి, మేత మాత్రం కాస్త తగ్గించిన గుర్రాన్ని అర్ధరాత్రి డీసీఎం ఎక్కించడం అనవసరపు ఖర్చు.

ఇంటి దగ్గర తెలుసుకోవలసిన మరో అంకె బరువు. గుర్రం మందులన్నీ కిలోల లెక్కనే. తూకపు యంత్రం లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 11,880తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 155, పొడవు 165 ఉన్న గుర్రం సుమారు 334 కిలోలు తూగుతుంది. కంటితో చూసి చెప్పే అంచనాలు తరచూ తప్పుతాయి. తక్కువ వేస్తే మందు పనిచేయదు, ఎక్కువైతే విషం.

బరువు అంటే డబ్బు ఎలాగో 350 కిలోల గుర్రంతో చూడవచ్చు. మనుషుల కీళ్ల నొప్పులకు ఇచ్చే మెలాక్సికాం మాత్ర 15 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. గుర్రానికి కిలోకు 0.6 మిల్లీగ్రాముల చొప్పున 210 మిల్లీగ్రాములు కావాలి, అంటే 14 మాత్రల మందు. జెంటామైసిన్ కిలోకు 6.6 మిల్లీగ్రాముల చొప్పున 2,310 మిల్లీగ్రాములు. మనుషుల దవాఖానలో వాడే 80 మిల్లీగ్రాముల ఆంపూళ్లయితే ఒక్క రోజుకు 29 పగలగొట్టాలి. ప్రొకెయిన్ పెన్సిలిన్ కిలోకు 22,000 యూనిట్ల చొప్పున పూటకు 77 లక్షల యూనిట్లు, రోజుకు రెండు పూటలు. 40 లక్షల సీసాలు రోజుకు నాలుగు. గాయానికి చీము పట్టి ఏడు రోజుల కోర్సు రాస్తే 28 సీసాలు. ఇందులో ఏ మందూ ఖరీదైనది కాదు. ఖరీదైంది ఆ శరీరం. పశువుల కోసం పెద్ద సీసాల్లో వచ్చే మందు దొరికితే భారం తగ్గుతుంది.

యజమానిని హఠాత్తుగా ఖర్చులో పడేసే జబ్బుల్లో మొదటిది కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని ఆహార గొట్టం కడుపును చేరే చోట కండరం లోపలి నుంచి పైకి ఏదీ రానివ్వనంత బిగువుగా ఉంటుంది. కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. పేగులు పొడవైనవి, పెద్దపేగు కొన్ని చోట్ల ఒక్కసారిగా సన్నబడి మలుపు తిరుగుతుంది. గాలి నిండినా, పొడి మేత ఇరుక్కున్నా, పేగు మెలిపడినా పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. గుర్రం ముందుకాలితో నేలను గీరుతుంది, డొక్క వైపు తిరిగి చూస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది, పొర్లుతుంది. లద్దె తగ్గుతుంది లేదా ఆగిపోతుంది.

పెళ్లి గుర్రానికి ఈ ముప్పు ఎక్కువ. 350 కిలోల గుర్రం మామూలు రోజుల్లో 20 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో అంతకు రెట్టింపు. సూర్యాపేట, మిర్యాలగూడ ఎండలు 40 డిగ్రీలు సులభంగా దాటుతాయి, పెళ్లి ముహూర్తాలు గట్టిగా ఉండేదీ వైశాఖంలోనే. ఊరేగింపులో లద్దె వేయకూడదనో, మూత్రం పోయకూడదనో మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించే వాళ్లున్నారు. పైగా డీసీఎంలో ప్రయాణం, డీజే చప్పుడు, టపాసులు, అర్ధరాత్రి దాకా సిమెంటు రోడ్డు మీద నిలబడటం. ఇంటికి వచ్చాక ఎండు వరిగడ్డి. వరిగడ్డిలో అరగని పీచు ఎక్కువ, నెమరువేసే బర్రె దాన్ని సంభాళించుకుంటుంది, గుర్రం వల్ల కాదు. ఇన్ని కలిసిన మరునాడు పేగులో మేత గట్టిపడి ఇరుక్కుంటే ఆశ్చర్యపోవలసింది లేదు.

ఇరుక్కున్న మేతా మెలిపడిన పేగా అన్నది తేల్చడానికి డాక్టరు చేసే పనులు కొన్నే. గుండె వేగం చూస్తారు. ముక్కు నుంచి కడుపులోకి గొట్టం వేసి, వెనక్కి ఎంత ద్రవం వస్తుందో చూస్తారు. రెండు లీటర్లకు మించి వస్తే చిన్నపేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. ఆసనం ద్వారా చెయ్యి పెట్టి పేగుల అమరికను తడిమి చూస్తారు. నొప్పి తగ్గే ఇంజక్షన్ ఇచ్చి, అది ఎంతసేపు నిలుస్తుందో గమనిస్తారు. ఫ్లునిక్సిన్ 350 కిలోలకు సుమారు 8 మిల్లీలీటర్లు పడుతుంది. అది ఇచ్చిన గంటా గంటన్నరలోనే నొప్పి తిరిగి మొదలైతే విషయం కత్తి దాకా పోతుందేమోనని లెక్క వేసుకోవాలి. కడుపు నీరు సూదితో తీసి రంగు చూడటం, స్కానింగ్ చేయడం ఆ తరువాతి మెట్లు. స్థూలంగా కడుపునొప్పి కేసుల్లో పదింటిలో తొమ్మిది మందులతోనే నయమవుతాయి. ఆ పదోది తొందరగా పట్టుబడటం కోసమే ఈ పరీక్షలన్నీ.

మందులతో నయం చేయడంలోనే బిల్లు రెండు రకాలుగా తయారవుతుంది. నీరసించిన గుర్రానికి సెలైన్ ఎక్కించాలంటే మామూలు అవసరమే కిలోకు 50 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 17.5 లీటర్లు, అంటే అర లీటరు సీసాలు 35. ఒంట్లో నీరు 8 శాతం తగ్గి ఉంటే అది పూడ్చడానికి ఇంకో 28 లీటర్లు, మరో 56 సీసాలు. నాలుగు సీసాలు ఎక్కించి వైద్యం అయిందనిపించుకుంటే గుర్రానికి ఒరిగేది తక్కువ. ఆ డబ్బు దాదాపు వృథా. పెద్దపేగులో మేత ఇరుక్కున్న కేసుల్లో అంతకన్నా చౌకైన, అంతకన్నా బాగా పనిచేసే దారి ఉంది. ముక్కు గొట్టం ద్వారా ఉప్పు, పొటాషియం లవణం తగుమాత్రం కలిపిన నీళ్లను ఒక్కోసారి 5, 6 లీటర్ల చొప్పున గంట రెండు గంటలకు ఒకసారి కడుపులోకి పంపడం. కడుపు నుంచి ద్రవం వెనక్కి వస్తున్నప్పుడు మాత్రం ఇది కూడదు. గొట్టం వేసేది డాక్టరే కావాలి. తల పైకెత్తి సీసాతో నూనెలూ కషాయాలూ తాగించే అలవాటు ఊపిరితిత్తుల్లోకి ద్రవం పోయేలా చేస్తుంది. అప్పుడు కడుపునొప్పికి న్యుమోనియా ఖర్చు తోడవుతుంది.

శస్త్రచికిత్స దాకా వెళ్తే లెక్క పూర్తిగా మారుతుంది. పెద్ద జంతువుకు పూర్తి మత్తు ఇవ్వగల నిపుణుడు, ఎత్తి పడుకోబెట్టే బల్ల, కోసేవాళ్లతో పాటు సాయపడే మరో నలుగురు, తరువాత వారం పది రోజుల నిఘా కావాలి. అమెరికాలో ఒక్క కడుపు ఆపరేషన్ పది వేల డాలర్లు దాటడం మామూలు. అక్కడి యజమానులు వైద్య బీమా చేయించుకునేది ఇందుకే. ఇక్కడ డబ్బు సమకూరినా పేగు మెలిపడ్డ గుర్రానికి మిగిలేవి కొద్ది గంటలే. ఆ గంటల్లో నాలుగైదు ప్రయాణానికే పోతాయి.

మిర్యాలగూడలో ధాన్యం మిల్లులకు కొదవ లేదు, కాబట్టి తవుడుకూ కొదవ లేదు. చౌకగా దొరికే ఆ దాణాతో గుర్రానికి నెమ్మదిగా వచ్చే చిక్కు ఒకటుంది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. గుర్రం మేతలో భాస్వరం కన్నా కాల్షియం ఎక్కువ ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. తవుడే ప్రధానమైన దాణా అయితే రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టడానికి శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. వరిగడ్డిలోనూ నేపియర్ గడ్డిలోనూ ఉండే ఆక్సలేట్లు ఉన్న కొద్ది కాల్షియాన్ని కూడా పట్టేస్తాయి. నెలల తరువాత గుర్రం ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు కుంటుతుంది. నమలడం కష్టమవుతుంది. ముదిరితే ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి. ఐరోపాలో పిండిమర యజమానుల గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది, అక్కడ దోషి గోధుమ పొట్టు.

పరీక్షల మీద డబ్బు ఎలా వృథా అవుతుందో ఈ జబ్బులో స్పష్టంగా కనిపిస్తుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే ఎముకను కరిగించి శరీరం దాన్ని సరిచేసుకుంటూ ఉంటుంది. ఎముకలో ఇంచుమించు 30 శాతం ఖనిజం పోయాక గానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు. రోజూ ఏం మేపుతున్నారు అని డాక్టరు అడిగే ప్రశ్నకు రుసుం లేదు, ఈ జబ్బును పట్టిచ్చేది ఎక్కువగా అదే. వైద్యం కూడా ఖరీదైంది కాదు. తవుడు తగ్గించి, డాక్టరు చెప్పిన మోతాదులో సున్నపురాయి పొడి కలిపి, వేరుశనగ కట్టె, లూసర్న్ వంటి మేత పెంచాలి. ఉలవలు కొద్దిగా పెట్టవచ్చు. ఎముక తిరిగి గట్టిపడటానికి నెలలు పడుతుంది. ముఖం ఉబ్బు మాత్రం పూర్తిగా తగ్గకపోవచ్చు.

దాణా విషయంలోనే ఇంకో హెచ్చరిక అవసరం. కోళ్ల దాణాలో రక్తపారుడు రాకుండా కలిపే మోనెన్సిన్ గుర్రానికి గుండెను దెబ్బతీసే విషం. కోళ్లలో సగాన్ని చంపే మోతాదు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములైతే, గుర్రాలకు అది 2 నుంచి 3 మిల్లీగ్రాములే. విరుగుడు లేదు. కోళ్లఫారంలో మిగిలిన దాణా సంచి చౌకగా వచ్చిందని గుర్రం ముందు పెట్టకూడదు. కొన్ని రకాల పశువుల దాణాలోనూ ఈ మందు కలుపుతారు, సంచి మీద రాసింది చదవాలి.

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ నేల ఏడాదిలో చాలా నెలలు తడిగా ఉంటోంది. తడి నేలలో పెరిగేవాటిలో జోరీగ ఒకటి. సర్రా జబ్బును ఒక జంతువు నుంచి మరో జంతువుకు మోసేది ఇదే. ఈ జబ్బుకు కారణమైన ట్రిపనోసోమా ఇవాన్సీ అనే సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబ్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో గుర్తించాడు. బర్రెల్లో ఇది పైకి కనిపించకుండా ఉండిపోతుంది, గుర్రాల్లో ప్రాణం తీస్తుంది. జ్వరం వచ్చి పోతుంటుంది, గుర్రం తింటూనే చిక్కిపోతుంది, కాళ్లలోనూ కడుపు కిందా నీరు దిగుతుంది, చివరికి నడుము తూలుతుంది. అరుదుగా మనిషికీ సోకుతుంది. 2004లో మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లా రైతు ఒకరిలో దీన్ని గుర్తించారు.

సర్రా నిర్ధారణకు మొదట కావలసింది ఒక గాజు పలక, ఒక రక్తపు బొట్టు, ఒక సూక్ష్మదర్శిని. చిక్కల్లా, ఆ జీవి రక్తంలో కనిపించేది ఎక్కువగా జ్వరం ఉన్నప్పుడే. జ్వరం తగ్గాక తీసిన పలకలో ఏమీ లేకపోతే జబ్బు లేదని అర్థం కాదు. అందుకే జ్వరం రోజునే రక్తం తీయించాలి, ఒకసారి దొరకకపోతే మళ్లీ తీయించాలి. క్వినాపైరమిన్ 2.5 గ్రాముల సీసా ఒకటి 350 కిలోల గుర్రానికి సరిపోతుంది. సకాలంలో ఒక సీసాతో పోయే జబ్బు ఇది. ఏం జ్వరమో తేల్చకుండా వారాల తరబడి యాంటీబయోటిక్‌లు పొడిపిస్తే వాటి ఖర్చు ఆ సీసాను ఎన్నో రెట్లు మించిపోతుంది. ఈలోపు మెదడుకు పాకితే ఆ సీసా కూడా పనిచేయదు.

కుంటి గుర్రాన్ని పరీక్షించడంలో ఓపిక ఎక్కువ, యంత్రాలు తక్కువ. కుంటుకు మూలం చాలాసార్లు గిట్టలోనే ఉంటుంది. గిట్టను పట్టకారుతో నొక్కి చూడటం, వేడి తడమటం, గట్టి నేల మీద నడిపించి తల ఊపు గమనించడం మొదటి పనులు. ఎక్కడ నొప్పో తేలకపోతే నరాల దగ్గర లిగ్నోకెయిన్ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ కింద నుంచి పైకి వస్తారు. కుంటు ఏ చోట ఆగితే నొప్పి ఆ దిగువనే. ఎక్స్‌రే అవసరమైతే ఆ తరువాత, ఆ ఒక్క చోటికే. ముందే కాలంతా ఎక్స్‌రే తీయించడం డబ్బు పారేసుకోవడం. ఈ మూడు పట్టణాల్లో గుర్రానికి లాడాలు కొట్టే మనిషిని వెతికి పట్టుకోవడమే పెద్ద పని. ఎడ్లకు లాడాలు కొట్టేవాళ్లూ ట్రాక్టర్లు వచ్చాక తగ్గిపోయారు. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి. అది తప్పితే సిమెంటు రోడ్డు మీద ముందుగా పాడయ్యేది గిట్టే. లాడపు మేకు దిగిన గాయం నుంచే ధనుర్వాతం కూడా రావచ్చు.

ఇంటి జంతువుల్లో ధనుర్వాతానికి అన్నిటికన్నా తేలిగ్గా లొంగేది గుర్రం. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు టీకాలు, తరువాత ఏడాదికొకటి వేస్తే సరిపోతుంది. జబ్బు వచ్చాక యాంటీటాక్సిన్, పెన్సిలిన్, కండరాలు సడలించే మందులు, చీకటి గది, గొట్టంతో మేత, వారాల సేవ కావాలి. అయినా చాలా గుర్రాలు దక్కవు. వీధికుక్కలున్న చోట రేబిస్ టీకా కూడా అవసరమే. నులిపురుగుల మందు మాత్రం నెలలు లెక్కపెట్టి వేయడం కన్నా లద్దెలో గుడ్లు లెక్కించి వేయడం మేలు, మందుకు పురుగులు మొండికెత్తవు.

జబ్బు తేలినా వైద్యం చేయకూడనిది ఒకటుంది, గ్లాండర్స్. ముక్కులోంచి చీము, చర్మం మీద వరసగా పుండ్లు, ఎండిపోయిన ఒళ్లు దీని లక్షణాలు. గుర్రం నుంచి మనిషికి వస్తుంది, సరైన వైద్యం అందకపోతే మనిషిని చంపుతుంది. 2006లో మహారాష్ట్రలో మళ్లీ తలెత్తినప్పటి నుంచి అనేక రాష్ట్రాల్లో కనిపిస్తోంది. అనుమానం ఉంటే రక్తం నమూనాను పశుసంవర్ధక శాఖ ద్వారా హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా పంపుతారు. ఉందని తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద ఆ గుర్రాన్ని బాధ లేకుండా చంపి పూడ్చాలి. 2019 జాతీయ కార్యాచరణ ప్రణాళికలో పరిహారం గుర్రానికి 25,000 రూపాయలు, గాడిదకు 16,000. ఊరేగింపు గుర్రం కొనుగోలు ధరకు ఇది ఏమూలకూ చాలదు. జబ్బును దాచిపెట్టాలన్న ఆశ పుట్టేది అక్కడే. దాచిన గుర్రం పక్కన పడుకునే సాయీసు ప్రాణానికే ముందు ముప్పు.

చౌకగా అవుతుందని అర్హత లేనివారి చేత ఇంజక్షన్లు వేయించడం మరో ఖర్చు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయవలసింది నమోదైన డాక్టరే. డిప్లొమా ఉన్న సిబ్బంది చిన్నపాటి సేవలు చేయవచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలో. మెడ కండరంలో వేయవలసిన మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే నిలువునా కూలిపోయే గుర్రాలున్నాయి. నొప్పి మాత్రల మీద కూడా గమనిక ఉండాలి. రాబందులు చనిపోవడం వల్ల పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. మెలాక్సికాం ఇంకా ఉంది. ఏ నొప్పి మందైనా నీళ్లు తగ్గిన గుర్రం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నొప్పి మందు వేసి బరాత్‌కు తోలడం ఇంకా చెడ్డది. కుంటుతున్న, గాయపడ్డ జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

బీమా విషయానికి వస్తే, దేశంలో ప్రభుత్వ సాయంతో నడిచే పశు బీమా జాతీయ పశుసంపద మిషన్ కింద ఉంది. 2024లో యజమాని కట్టవలసిన ప్రీమియం వాటాను 15 శాతానికి తగ్గించారు, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. గుర్రాల పెంపకం యూనిట్లకు 50 శాతం పెట్టుబడి సాయం, 50 లక్షల పరిమితితో, అదే ఏడాది చేర్చారు. అయితే బీమా చెల్లించేది జంతువు చనిపోతేనే. కడుపునొప్పికి ఎక్కించిన 90 సీసాల సెలైన్‌కు కాదు. చావుకు రుజువుగా చెవి పోగు, ఫోటోలు, పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. ఈ రుజువు గొడవ కొత్తదేం కాదు. హోర్ముజ్, ఏడెన్ నుంచి విజయనగరానికి గుర్రాలు వచ్చిన రోజుల గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్, అక్కడి రాజు సాళువ నరసింహుడు బతికినవీ చచ్చినవీ కలిపి వెయ్యి పర్దావో నాణేలకు మూడు చొప్పున కొనేవాడనీ, సముద్రంలో చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడనీ చెప్పాడు. తీరం దాకా ప్రాణాలతో చేరని గుర్రం నష్టాన్ని వర్తకుడి మీద కాక తన ఖజానా మీద వేసుకున్నాడన్నమాట. గుర్రాల రాక ఆగకుండా ఉండటానికి అది ఆయన కట్టిన ప్రీమియం.

బాగుపడదని తేలిన గుర్రం విషయంలో నిర్ణయం డాక్టరు, యజమాని కలిసి తీసుకోవాలి. పేగు మెలిపడి గుండె వేగం 80 దాటి చెమటలు కారుతున్న గుర్రానికి, కాలి పెద్ద ఎముక తునకలైన గుర్రానికి ప్రాణం పోయేంత మోతాదులో మత్తుమందు ఇచ్చి బాధ తప్పించడం వైద్యంలో భాగమే. ఆ మందు కళేబరంలో నిలిచి ఉంటుంది కాబట్టి కుక్కలకూ రాబందులకూ దొరికేలా పారేయకూడదు. ఊరికి, బావికి, కాలువకు దూరంగా లోతైన గొయ్యి తవ్వించి సున్నం చల్లి పూడ్చాలి. 350 కిలోల జంతువుకు అది జేసీబీ పని, దాని అద్దె కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బీమా ఉంటే పోస్టుమార్టం, ఫోటోలు, చెవి పోగు తీయడం పూర్తయ్యాకే మట్టి వేయాలి. ఆలోగా జేసీబీ నిలబెట్టుకుంటే గంటల లెక్కన అద్దె పెరుగుతుంది కనుక, ముందు డాక్టరు వచ్చే సమయం తెలుసుకుని ఆ తరువాతే దానికి కబురు పెట్టడం నయం.